గోడవైపు తిప్పిన కుర్చీ

పోయిన వారం మనం పెద్ద డాక్టరమ్మను మెడలో ఎర్ర కార్డుతో, నోట మాట రాని స్థితిలో వదిలేసి వచ్చాం. ఆస్పత్రి మొత్తానికి పెద్దదిక్కయిన మనిషి మెడలో ఆ కార్డు వేసింది ఆస్పత్రికి పరీక్ష పెట్టడానికి ప్రభుత్వం తరఫున వచ్చిన బృందానికి పెద్ద. ఆయన చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలు ఉంటుంది గనక, ఆయన వినడం లేదనుకున్నప్పుడు అందరూ ఆయన్ని పెన్సిలాయన అంటారు. కార్డుకి అర్థం ఒకటే. ఈ పూట ఆమె ఆస్పత్రిలో లేదు. జ్వరంతో ఇంట్లో పడుకుందనుకోండి, వంతెన అవతల చిక్కుకుపోయిందనుకోండి, మీ ఇష్టం. నోరు విప్పకూడదు, వేలెత్తి చూపకూడదు, కూర్చున్న కుర్చీలోంచి లేవకూడదు.

పరీక్షలో వచ్చిపడ్డ కష్టాలు ఇవి. నది మీద వంతెన మూతపడింది. కరెంటు పోయింది. గోడల్లోంచి మంచాల దాకా ఆక్సిజన్ తెచ్చే గొట్టాలు పనిచేయడం మానేశాయి. పైగా ఊపిరందని జ్వరంతో జనం వచ్చి పడుతున్నారు. అంతా ఉత్తుత్తిదే. రోగులుగా నటిస్తున్నది నర్సింగ్ కాలేజీ అమ్మాయిలు, ఒక్కొక్కరి పమిట మీదో చున్నీ మీదో వాళ్ళ జబ్బు రాసిన కాగితం గుచ్చి ఉంది. పై అంతస్తులో అవతలి వార్డుల్లో ఉన్న అసలు రోగుల జోలికి ఎవరూ వెళ్ళరు, వాళ్ళ వైద్యం వాళ్ళకి జరుగుతూనే ఉంటుంది.

ఫలితం మాత్రం ఉత్తుత్తిది కాదు. ఇందులో తప్పితే ఈ ఆస్పత్రిలో అత్యవసర విభాగం ఎత్తేస్తారు. దగ్గుకీ జలుబుకీ మందులిచ్చి సాయంత్రానికి తాళం వేసుకునే చోటుగా మిగులుతుంది. నదికి ఇటువైపు ఎవరికి ప్రాణం మీదకి వచ్చినా వంతెన దాటి పెద్దాస్పత్రికి పరుగెత్తాల్సిందే, అదీ ఆ సమయానికి వంతెన ఉంటే.

ఈ పెన్సిలాయనకీ మన డాక్టరమ్మకీ పాత లెక్క ఒకటుంది. రెండేళ్ళ కిందటి వరదలో వంతెన మూతపడి ఊరు ఒంటరిదైనప్పుడు, ఆమె నిద్ర మాని, తిండి మాని, తానే ఒక చేయి వేసి సిలిండర్లను మెట్ల మీదుగా పైకెక్కించి ఆస్పత్రిని నెగ్గించింది. ఊరంతా ఆమెను నెత్తిన పెట్టుకుంది. నీళ్ళు తీశాక పెన్సిలాయన వచ్చి, అందరి చేతా చెప్పించుకుని, అంతా విని, ప్రభుత్వానికి రాసి పంపిన మాట ఇది: ఈ ఆస్పత్రి నిలబడలేదు, ఒక మనిషి నిలబడింది. ఆ మనిషికి జ్వరం వచ్చుంటే?

నిజం చెప్పొద్దూ, ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నాకూ ఒళ్ళు మండింది. అంత చేసిన మనిషికి ఇదా బహుమానం అనిపించింది. డాక్టరమ్మయితే ఆయన పేరెత్తితే పళ్ళు నూరేది. కానీ తప్పుపట్టలేని మాట ఎక్కువ మంట పుట్టిస్తుంది, అందుకే ఆమె ఆ వాక్యాన్ని మర్చిపోలేకపోయింది.

ఇక కుర్చీ దగ్గరికి వద్దాం. దాన్ని కింది అంతస్తులో, రోగులు తమ వంతు కోసం కూర్చునే హాల్లో, చీటీలు రాసే బల్ల పక్కన వేశారు. ఆమె చేతులు కట్టుకుని కూర్చుంది. బయట అంబులెన్సు హారన్ మోగింది, తలుపులు తెరుచుకున్నాయి, నర్సింగ్ అమ్మాయిలు ఆయాసపడుతూ, గుండెలు పట్టుకుని, కొందరు నవ్వాపుకుంటూ లోపలికి వచ్చారు. అందరూ ఒక్కసారిగా డాక్టరమ్మ తమ్ముడి వైపు చూశారు.

ఆమె లేకపోతే తర్వాతి డాక్టరు ఆమె తమ్ముడే. తండ్రి పోయినప్పుడు వాడికి చెప్పుల బకిల్ పెట్టుకోవడం కూడా రాదు. అది పెట్టింది అక్కే, బళ్ళో వేసింది అక్కే, డాక్టరీ చదవమన్నది అక్కే, ఏ విభాగం తీసుకోవాలో చెప్పింది అక్కే. చేయి మంచిది, చదువు గట్టిది. ఒక్కటే లోటు. ఏ రోగికి ఏం చేద్దామని అడిగినా "అక్కని అడిగి చెప్తా" అంటాడు. ఆస్పత్రిలో వాడి పేరే అడిగిచెప్తా డాక్టరైపోయింది. చివరికి వాడి భార్య, ఇంటికొచ్చిన ఆడబిడ్డకి మంచినీళ్ళు ఇస్తూ, "ఇంట్లో ఏం కూర వండమంటారన్నా మిమ్మల్ని అడిగి చెప్తానంటున్నారు వదినా, కాస్త ఫోన్ దగ్గర పెట్టుకోండి" అని ఎత్తిపొడిచింది కూడా.

ఆ పూట కూడా తమ్ముడు గుటకలు మింగాడు. మొదటి రోగిని ఎటు పంపాలని పెద్ద సిస్టర్ అడిగితే నీళ్ళు నమిలాడు. పెద్ద సిస్టర్ కాసేపు ఆగి, చీటీల బల్ల వైపు ఒకసారి చూసి, "పైకి పంపండి" అంది. రెండో రోగికీ అంతే, ఒక్క చూపు, వెంటనే ఆజ్ఞ. పని చకచకా సాగుతోంది. తమ్ముడి ముఖంలోకి కళ వచ్చింది.

పెన్సిలాయన కాసేపు చూశాడు. తర్వాత రోగుల్ని చూడటం మానేసి కుర్చీనే చూశాడు.

ఇక్కడ ఆస్పత్రి గుట్టు ఒకటి చెప్పాలి. పెద్ద డాక్టరమ్మ మాట్లాడేది తక్కువ, ఆమె కనుబొమలు మాట్లాడేవి ఎక్కువ. ఎడమ కనుబొమ లేస్తే సరే. కుడిది లేస్తే ఆగు. రెండూ ముడిపడితే చచ్చినా వద్దు. వార్డులో కొత్తగా చేరిన నర్సుకి మందుల పేర్లకంటే ముందు ఇదే నేర్పుతారు. రెండూ కలిసి పైకి లేవడం మాత్రం ఎవరూ ఎరగరు. ఆమెను ఆశ్చర్యపరిచే పని ఆ ఆస్పత్రిలో ఇంతవరకు ఎవరూ చేయలేదు.

పెన్సిలాయన కుర్చీ దగ్గరికి వచ్చి, ముందుకు వంగి, ఎంతో మర్యాదగా అన్నాడు. "అమ్మా, మీ నోటికైతే కార్డు వేశాను గానీ కనుబొమల సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. కాస్త గోడవైపు తిరుగుతారా?"

హాలంతా ముక్కున వేలేసుకుంది. ఆమె ముఖం కందగడ్డైంది. ఆయన మీద కోపం ఒక వంతు, దొరికిపోయానన్న సిగ్గు మూడు వంతులు. తను మోసం చేయాలనుకోలేదు పాపం, కనుబొమలు లేస్తున్న సంగతే ఆమెకు తెలియదు. కుర్చీ కాళ్ళు నేలకి రాసుకుంటూ గోడవైపు తిరిగాయి. ఇప్పుడు ఆమె ముందు పెచ్చులూడిన లేతపచ్చ రంగు తప్ప ఏమీ లేదు.

వెనక హాల్లో గోల మొదలైంది. ఎవరిని ఎటు పంపాలి, ఎవరు చూడాలి, ముందు ఎవరు. "డాక్టర్ గారూ, చెప్పండి" అని పెద్ద సిస్టర్ గొంతు. తమ్ముడి నోట అలవాటుగా సగం మాట వచ్చింది. "అక్కని అడి..." అని ఆగిపోయాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. గోడవైపు తిరిగిన ఆమెకు కళ్ళు మండాయి. వాణ్ణి నేనే ఇలా చేశాను అనుకుంది.

ఊపిరందనివాళ్ళంతా పై అంతస్తులో ఆమె గది పక్కనున్న వార్డుకే వెళ్ళాలి. అది ఆమె పెట్టిన నియమం, వాళ్ళు తన కళ్ళముందే ఉండాలని. లిఫ్టు లేదు గనక మనుషులు మెట్లమీద, సిలిండర్లు మెట్లమీద, స్ట్రెచర్లు మెట్లమీద. ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ మధ్యలో ఇరుక్కుపోయి ఒకళ్ళ మీద ఒకళ్ళు అరుచుకోవడం ఆమెకు స్పష్టంగా వినబడుతోంది. వరదలో ఇదే చేసి నెగ్గాం కదా అనుకుంది. అప్పుడు మెట్ల మలుపులో నిలబడి అందరినీ నడిపించింది తనేనన్న సంగతి వెంటనే గుర్తుకొచ్చింది.

అంతలో సిలిండర్ల గదిలోంచి ఒక కేక. సిలిండర్లున్నాయి, నిండుగా ఉన్నాయి, పరీక్ష కోసం నెల నుంచి తెప్పించి పేర్చారు. వాటి తలకి బిగించే రెగ్యులేటర్లు లేవు. అవి లేకపోతే సిలిండరు ఉత్త ఇనుప దుంగ, గాలి ఎంత వదలాలో తెలియదు, వదలడానికీ వీల్లేదు.

రెగ్యులేటర్లు ఎక్కడున్నాయో గోడ ముందున్న ఆమెకు తెలుసు. వరద తర్వాత ప్రతి వార్డూ నాలుగు రోజులకోసారి వాటిని ఎత్తుకెళ్ళి తమ సొరుగుల్లో దాచుకుంటుంటే, విసిగిపోయి అన్నిటినీ పోగేసి తన గదిలో చెక్క అల్మారాలో పెట్టి ఇత్తడి తాళం వేసింది. కావాలంటే నన్నడిగి తీసుకోండి అంది. తాళంచెవి ఇప్పుడు ఆమె నడుముకున్న గుత్తిలో ఉంది. ఊపిరి పీల్చినప్పుడల్లా అది చిన్నగా గలగలమంటోంది.

తమ్ముడు వెనకనుంచి పరుగున రావడం వినబడింది. చేయి చాచి ఉంటాడు, చిన్నప్పుడు పెన్సిలు కోసం చాచినట్టు. ఆమె చేయి కూడా తనకు తెలియకుండానే గుత్తి మీదికి వెళ్ళింది.

"ఆవిడ ఇక్కడ లేరు" అన్నాడు పెన్సిలాయన. "ఆవిడ దగ్గరున్న తాళంచెవులూ ఇక్కడ లేవు."

అంతా అయిపోయిందని ఆమె కళ్ళు మూసుకుంది. రెండేళ్ళు అందరికీ పనులు నేర్పించింది, రాత పరీక్షలు పెట్టింది, జనరేటరు బాగు చేయించింది. చివరికి ఆస్పత్రి ఊపిరిని తెచ్చి తన నడుముకి కట్టుకుని కూర్చుంది. ఆ వెనక నిలబడ్డాయన రాసిన వాక్యాన్ని తన చేతులతో తనే నిజం చేసింది.

అప్పుడు గోడమీంచి ఏదో ఊడదీసిన చప్పుడైంది. నిప్పంటుకుంటే వాడటానికి హాల్లో తగిలించిన ఎర్ర గొడ్డలి అది. ఆ చప్పుడు ఆమెకు తెలుసు, దాన్ని తుడిపించేదీ ఆమే.

పెన్సిలాయన కంగారుపడ్డాడు. నిజంగా పగలగొట్టక్కర్లేదని, పగలగొట్టినట్టు అనుకుంటే చాలని, పరీక్షకి అది సరిపోతుందని గబగబా చెప్పాడు.

"అనుకోవడం మాకు బాగా వచ్చండీ" అన్నాడు తమ్ముడు. "సిలిండర్లు నిండుగా ఉన్నాయి గనక ఊపిరికి లోటు లేదనుకున్నాం. ఇప్పుడు చూశారుగా."

మెట్లెక్కే అడుగులు. తర్వాత పైనుంచి ఒక దెబ్బ, ఇంకో దెబ్బ, చెక్క చీలిన చప్పుడు, ఇత్తడి తాళం నేలమీద పడి దొర్లిన చప్పుడు. ఏరికోరి కొన్న తాళం. అది పోయినందుకు తనకు ఇంత సంతోషమేమిటో ఆమెకు అర్థం కాలేదు. పెదవి కొరుక్కుని గోడని చూస్తూ కూర్చుంది, కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి.

రెగ్యులేటర్ల సంచి భుజాన వేసుకుని దిగివచ్చిన తమ్ముడు ఇందాక మెట్లెక్కిన తమ్ముడు కాదు. హాలు మధ్యలో నిలబడి, ఇక పైకి ఎవరినీ పంపొద్దన్నాడు. సిలిండర్ల గది ఈ హాలు వెనకే ఉండగా ఊపిరందనివాళ్ళని మెట్లెక్కించడమేమిటన్నాడు. బెంచీలు గోడకి జరిపి, మంచాలు ఇక్కడే పరవమన్నాడు. మరి మేడమ్ నియమం అని పెద్ద సిస్టర్ సందేహిస్తే, ఆ నియమం మేడమ్ పైన ఉన్నప్పటిదన్నాడు. గోడ ముందున్న మేడమ్‌కి ఆ మాట సూటిగా తగిలింది. నొప్పెయ్యలేదు. ఇన్నేళ్ళూ నాకెందుకు తట్టలేదు ఈ సంగతి అని మాత్రం అనిపించింది.

తర్వాత నర్సులందర్నీ దగ్గరికి పిలిచాడు. అందరికీ ఒకేలా గాలి తిప్పి వదిలేయొద్దని, వేలికి పెట్టే మీటరు చూసి ఎవరికి ఎంత అవసరమో అంతే ఇవ్వమని, అలా చేస్తే ఉన్నది చాలాసేపు వస్తుందని వివరించాడు. నడవగలిగే జ్వరాలవాళ్ళని పక్క వరండాలో కూర్చోబెట్టమన్నాడు. ఎవరికి తగ్గించాలో ఎవరికి పెంచాలో ప్రతిసారీ మిమ్మల్నే అడగాలా అని ఒక నర్సు అడిగింది.

"నన్ను అడగొద్దు" అన్నాడు అడిగిచెప్తా డాక్టరు. "మీ మంచాలు మీవి. చేసి చెప్పండి."

ఒక్క క్షణం హాలు ఆ మాటని మింగలేకపోయింది. తర్వాత చూడాలి ఆ పని. ఆ మూల నుంచి ఒక గొంతు, ఈ మూల నుంచి ఒక గొంతు, ఇది తగ్గించాను, ఈ అమ్మాయిని వరండాకి పంపాను, ఆ మంచం ఖాళీ చేశాను. అడగడం లేదు, చెబుతున్నారు. రెగ్యులేటర్లు బిగిస్తున్న కిర్రుమనే చప్పుడు, సిలిండర్ల బండి చక్రాల చప్పుడు, మధ్యలో ఎవరో జోకేస్తే నవ్వు. మెట్లమీద అరుపుల్లేవు. ఇన్నేళ్ళుగా ఆ హాల్లో తిరుగుతున్నా, తన గొంతు కలవని చప్పుడు ఆమె ఎప్పుడూ వినలేదు. ఎంత బాగుందో.

పెన్సిలాయన ఊరుకునే రకమా? తమ్ముడు ఊపుమీద ఉన్న సమయం చూసి, జేబులోంచి రెండో ఎర్ర కార్డు తీసి అతని మెడలో వేశాడు.

ఆమెకు విషయం తెలిసింది పక్కన ఇంకో కుర్చీ వచ్చి పడ్డప్పుడే. తమ్ముడు రొప్పుతూ, చొక్కా చెమటతో తడిసి, వచ్చి తన పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ తప్పుచేసిన పిల్లల్లా గోడకేసి చూస్తూ. మాట్లాడకూడదు. వాడి చేతిలో ఇంకా ఒక రెగ్యులేటరు ఉండిపోయింది, దాన్ని అటూ ఇటూ తిప్పుతున్నాడు. ఆమె ఆ చేయిని పట్టుకుంది. చేతులు పట్టుకోకూడదని పరీక్షలో ఎవరూ చెప్పలేదు.

వెనక ఏమవుతుందోనని అక్కాతమ్ముళ్ళు ఊపిరి బిగబట్టి విన్నారు. పెద్ద సిస్టర్ ఒకసారి గట్టిగా నిట్టూర్చింది. ఈ ఇంటి మనుషులందరూ ఒక్కసారే సెలవు పెట్టారా అని గొణిగింది. తర్వాత అదే గొంతుతో, ఆ మూడో వరసలో అమ్మాయిని నేను చూస్తాను, వరండా నువ్వు చూసుకో, సిలిండరు మార్చాల్సినవాళ్ళు చేయెత్తండి అంది. పని సాగిపోయింది. కాసేపటికి ఇంకో బృందం రోగులొచ్చారు. సాగిపోయింది. చీటీలు రాసే ఆయనకి కార్డు పడింది. సాగిపోయింది. కార్డులు చాలక పెన్సిలాయన జేబులు తడుముకున్నాడట, తర్వాత అందరూ చెప్పుకుని నవ్వుకున్నారు.

చివరికి ఈల మోగింది. కుర్చీలు రెండూ హాలువైపు తిప్పారు. ఆమె చూసింది. బెంచీలు గోడకి జరిగి ఉన్నాయి, మంచాలు వరసగా ఉన్నాయి, ప్రతి సిలిండరు తలమీదా ఒక రెగ్యులేటరు ఉంది. తన ఆస్పత్రే, కానీ తను పెట్టినట్టు ఒక్క వస్తువూ లేదు. జుట్టు రేగిపోయి, చేతులకి మరకలు అంటుకుని నిలబడ్డవాళ్ళంతా పరీక్ష ఫలితం కోసం పెన్సిలాయన వైపు చూస్తున్నారు. ఆమె వైపు ఎవరూ చూడటం లేదు.

పెన్సిలాయన చెవిమీది పెన్సిలు తీశాడు, మళ్ళీ అక్కడే పెట్టాడు. రాసేముందు నోటితో చెప్తానన్నాడు. "రెండేళ్ళ కిందట నేను రాసిన వాక్యంలో ఇవాళ ఒక మాట మారుతుంది. ఈ ఆస్పత్రి నిలబడింది. విభాగం ఎక్కడికీ పోదు."

ఇక ఆపేవాళ్ళెవరు? ఇందాకటిదాకా ఊపిరాడక మూలిగిన అమ్మాయిలు మంచాలమీద లేచి నిలబడి ఈలలు వేశారు. పెద్ద సిస్టర్ కళ్ళు తుడుచుకుంటూ, ఏడుస్తున్నది నేను కాదన్నట్టు అందర్నీ కసిరింది. నర్సులు తమ్ముణ్ణి భుజాలమీదికి ఎత్తబోతే, గొడ్డలి ఎక్కడ పెట్టానో చూసి వస్తానని తప్పించుకున్నాడు. పెద్ద డాక్టరమ్మ మెడలో కార్డు తీసి మడత పెట్టుకుంది. ఊరు తనను నెత్తిన పెట్టుకున్న రోజున కూడా ఆమెకు ఇంత గర్వం కలగలేదు. ఆ మాట పైకే అంది, ఎవరి చెవినా పడలేదు.

గోల సద్దుమణిగాక పెన్సిలాయన ఆమె దగ్గరికి వచ్చాడు. ఈసారి వంగలేదు, తనూ ఒక బెంచీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. వంతెన అవతలి పెద్దాస్పత్రికీ పోయిన వారం ఇదే పరీక్ష పెట్టానని చెప్పాడు. అక్కడి పెద్దకి కార్డు వేయగానే మిగతావాళ్ళంతా కూర్చుండిపోయారట, ఎవరూ ఏ తాళమూ పగలగొట్టలేదట.

"ఇక్కడ మీరు లేకపోయినా నడుస్తుందని ఇవాళ మీవాళ్ళు చూపించారు" అన్నాడు. "అందుకే మిమ్మల్ని అక్కడికి పంపమని అడగబోతున్నాను. వచ్చే వానల్లోపు అక్కడివాళ్ళకీ ఇది నేర్పాలి. మీరు ఒప్పుకుంటేనే."

హాల్లో నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. పెద్ద సిస్టర్ అలవాటుగా ఆమె కనుబొమల వైపు చూసింది. ఎడమది లేవలేదు, కుడిది లేవలేదు, ముడీ పడలేదు. ఈ గోడలు, ఈ మెట్లు, పై అంతస్తులో విరిగిన అల్మారా, వీటిని వదిలి వెళ్ళడమంటే ఆమెకు ప్రాణం సగం ఇక్కడే పెట్టి వెళ్ళడం. వెళ్ళనంటే ఇవాళ గెలిచినదానికి అర్థం లేదు. ఆమె తల తిప్పి తమ్ముణ్ణి వెతుక్కుంది. వాడు గొడ్డలిని దాని కొక్కేనికి తగిలిస్తున్నాడు.

"మా తమ్ముణ్ణి అడిగి చెప్తాను" అంది.

ఎవరూ నవ్వలేదు. తమ్ముడు వెనక్కి తిరిగాడు. అక్క ముఖంలోకి చూశాడు, పెన్సిలాయన వైపు చూశాడు. గుటకలు మింగలేదు, నీళ్ళు నమలలేదు. ముందే ఆలోచించి పెట్టుకున్నవాడిలా ఒకే ఒక్క మాట చెప్పాడు, అదేమిటో వచ్చే వారం చెప్పుకుందాం.

అది విని పెద్ద డాక్టరమ్మ కనుబొమలు రెండూ కలిసి ఒక్కసారిగా పైకి లేచాయి.